జామాయిల్ అని రాసిన తెల్లమద్ది

తెల్లమద్ది చెట్టును జామాయిల్ అని రాసి కొట్టేశారు. మా ఊరి వాగు ఒడ్డున, కల్వర్టు పక్కన, జంటగా పెరిగిన రెండు చెట్లలో అదొకటి. ఇద్దరు మనుషులు చేతులు చాచి పట్టుకున్నా వేళ్లు కలవనంత మాను. ఫ్యాక్టరీలకు పోయే రోడ్డును వెడల్పు చేస్తున్నామని చెప్పి, మిషన్ రంపంతో ఒక్క పూటలో పడగొట్టి, పగటి బువ్వ వేళకు దుంగలు లారీకెక్కించారు. రెండో చెట్టుకు ఎర్ర రంగుతో నంబరు వేసి పోయారు. దాని వంతు ఇంకా రాలేదు, అంతే.

నేను పరుగెత్తుకుంటూ పోయేసరికి పని అయిపోయింది. పరుగెత్తాను అంటున్నాను గానీ ఈ వయసులో నా పరుగు ఊళ్లో పిల్లలు నవ్వుకునే నడక. ఫోను పట్టుకుని ఫొటోలు తీస్తున్న సర్వే మనిషి ఒక్కడే మిగిలి ఉన్నాడు.

"ఇది ఏం చెట్టని రాసినవు బిడ్డా?" అన్నాను.

"జామాయిల్ తాతా. జామాయిల్‌కు పర్మిషన్ అక్కర్లే. డైరెక్టుగ కొట్టెయ్యొచ్చు."

"జామాయిల్ అని నీకెవలు చెప్పిండ్రు?"

"బెరడు సూడరాదు. తెల్లగ, నున్నగ, పెచ్చులు పెచ్చులు ఊడుతున్నది. గిది జామాయిల్ గాకుంటె ఏంది?"

"తెల్లగున్నదల్ల పాలే అయితె, రేపటి సంది సున్నం తేట తాగు."

అతను కోపం తెచ్చుకోలేదు. ఆ మాటకు నవ్వి, ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నేను అవుట్‌సోర్సింగ్ మనిషిని తాతా. పాత ఫైల్ల ఏమున్నదో గదే నా ఫోన్ల ఎక్కిచ్చిండ్రు. జామాయిల్ అని నేను పెట్టిన పేరు గాదు. అడగాలంటే సంగారెడ్డికి పొయ్యి అడుగు."

పాత ఫైలు అనే మాట విన్నప్పుడే నాకు తట్టి ఉండాలి. తట్టలేదు. కోపం మీద ఉన్న మనిషికి చెవులుంటాయి గానీ వినబడదు.

పొరబడడంలో వింతేమీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. దూరం నుంచి చూస్తే తెల్లమద్ది మాను జామాయిల్ లాగే ఉంటుంది. బూడిద రంగులో కాస్త గులాబీ జాడ కలిసిన నున్నటి బెరడు, ఎండాకాలంలో పెద్ద పెద్ద పెచ్చులుగా రాలిపోయి, కింద నుంచి లేత చర్మం బయటపడుతుంది. జామాయిలూ అంతే. రెండింటికీ ఆకులు పొడుగే. కానీ ఒక ఆకు తెంపి నలిపితే సంగతి తెలిసిపోతుంది. జామాయిల్ ఆకు జలుబు మందు సీసా మూత తీసినట్టు ముక్కుకు కొడుతుంది. మద్ది ఆకుకు పచ్చిదనపు వాసన తప్ప మరొకటి ఉండదు. జామాయిల్ కాయ చొక్కా గుండీ అంత. మద్ది కాయ బొటనవేలంత ఉంటుంది, గట్టి పీచుతో, నిలువునా ఐదు రెక్కలతో. వీటన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇంకొకటి ఉంది. ఆకు కాడకు అతికే చోట, అడుగు పక్కన, ఆవగింజలంత బుడిపెలు రెండు ఉంటాయి. కంటికి సరిగా ఆనవు, వేలికి తగులుతాయి. నేను నాలుగో తరగతితో బడి మానేసినవాణ్ని. గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీ బాయిలర్ దగ్గర జీతం చేస్తూ, పొట్లాలు కట్టిన కాగితాలు, పాత పేపర్లు చదివి చదువు కూడబెట్టుకున్నాను. పని మానేశాక సంగారెడ్డి లైబ్రరీలో చెట్ల గురించి దొరికిందల్లా చదివాను. అయినా ఆ బుడిపెల గుర్తును నేను పుస్తకంలో నేర్చుకోలేదు. పుస్తకంలో అది కనబడేనాటికి, నా వేలు పట్టుకుని ఆకు కింద పెట్టి చూపించిన మనిషి చనిపోయి చాలా కాలమైంది.

ఆ మనిషి మా నాయినను కన్న తల్లి. మేమందరం అవ్వ అనేవాళ్లం. మా తాత హయాంలో మా ఇల్లు చర్చిలో కలిసినప్పుడు ఆమెకు శారమ్మ అని పేరు పెట్టారట. ఊరు మాత్రం చివరిదాకా ఎల్లవ్వ అనే పిలిచింది. ఆమె రెండు పేర్లకూ పలికేది. ఎవరైనా ఏది అసలు పేరు అని అడిగితే, "అన్నం పెట్టనీకి పిలిస్తె ఏ పేరైనా అసలుదే" అనేది. మనిషి పొట్టి, నడక దూకుడు, నోరు ఇంకా దూకుడు. చేతులకు ఎప్పుడూ ఏదో ఒక చెట్టు పసరు అంటుకుని ఉండేది. ఆమె వెనక నడుస్తుంటే పుగాకు, మేకపాలు, పచ్చి బెరడు కలిసిన వాసన వచ్చేది. ఫ్యాక్టరీలో అన్నేళ్లు రకరకాల ఘాటు పీల్చాక నా ముక్కు సగం చచ్చిపోయింది. ఆ వాసన మాత్రం ఇప్పుడు రాస్తుంటే కూడా వస్తున్నది.

మా ఇంట్లో పొద్దున మూడు రాళ్ల పొయ్యి, నాయిన ప్రార్థన ఒకేసారి మొదలయ్యేవి. నాయిన పేరు సామేలు. చర్చి సంఘపెద్ద. అక్షరం రాదు, కానీ బైబిల్ వాక్యం వింటే చాలు, ఏళ్ల తరబడి తప్పు లేకుండా అప్పజెప్పేవాడు. గోనెసంచి మీద మోకాళ్లూని, ఇంటిల్లిపాదిని, ఊరిలో రోగంతో ఉన్నవాళ్లను, అప్పటికి ఈనబోతున్న బర్రెను కూడా పేరు పేరునా దేవుడికి అప్పగించేవాడు. ఎవరినీ వదిలేవాడు కాదు. పొయ్యి మీద జొన్నరొట్టె మాడుతున్న వాసన వస్తుంటే అవ్వ అటు నుంచి, "ఆమేన్ అనరాదురా, దేవునికి మనూరు కొత్తదా?" అనేది. నాయిన కళ్లు తెరవకుండానే ఇంకో నలుగురి పేర్లు చెప్పి ముగించేవాడు. మాట ఇచ్చిన పని, మొదలుపెట్టిన ప్రార్థన మధ్యలో వదిలే మనిషి కాదు. గట్టు తగాదాలు, బర్రెల బేరాలు, ఏవి వచ్చినా ఊరు ఆయనను పిలిచి "నువ్వు చూసింది చెప్పు సామేలూ" అనేది. ఆయన చెప్పాక ఇక మాట ఉండేది కాదు.

రొట్టెలు అయ్యాక అదే పొయ్యి మీద అవ్వ మద్ది బెరడు కాచేది. గుండె దడ, ఆయాసం అంటూ వచ్చినవాళ్లకు మేకపాలలో మరిగించి ఇచ్చేది. పాలు ఇటుక రంగుకు తిరిగి, కొత్త తోలు చెప్పుల వాసన ఇల్లంతా కమ్మేది. నాలుక మీద వేస్తే నోరు బిగుసుకుపోయేది. ఆ మందు ఎందరికి పని చేసిందో నాకు తెలియదు, చేసిందని ఇప్పుడు నేను వాదించను. బెరడు తీసే తీరు మాత్రం చెప్పాలి. మాను చుట్టూ ఎన్నడూ తీసేది కాదు. అరచేయంత, ఒక్క పక్కనే, పొద్దు పొడుపు వైపు. తీసిన చోట పేడ, మట్టి కలిపి పూసేది. ఏడాది తిరిగేదాకా మళ్లీ ఆ పక్కకు పోయేది కాదు. "నీ తోలు తీస్తె నీకు మందు రాయొద్దా?" అనేది.

ఆ రెండు చెట్లను పెంచింది ఆమే. వాగు అవతల ఒక పెద్ద మద్ది ఉండేదట. ఒక వానాకాలం ఒడ్డు తెగి అది వాగులోకి ఒరిగిపోతే, దాని మీది చివరి కాయలు ఏరుకొచ్చింది. నేను అప్పుడు బోర్లాపడే పసివాణ్నని చెప్పేది. "నువ్వూ, అయీ ఒక్క ఈడు. మేకలు నిన్ను తినలే, వాటిని తిననీకి వచ్చినయి" అని ఎగతాళి చేసేది. చుట్టూ తుమ్మ కంప నాటి, మేకలను అదిలించి, రెండు ఎండాకాలాలు వాగు ఇసుకలో చెలిమ తవ్వి నీళ్లు తోడి పోసి వాటిని బతికించింది. నాకు ఊహ తెలిసేసరికి అవి నాకంటే చాలా ఎత్తున ఉన్నాయి. ఇంకా కొన్ని మొలిపించాలని ప్రతి ఎండాకాలం నన్ను వెంటబెట్టుకుని కాయలు ఏరేది. గోరువెచ్చటి నీళ్లు పోసి చల్లారనిచ్చి, మూడు రోజులు పాత కుండలో నానబెట్టి, కాయను కాయగానే మట్టిలో పడుకోబెట్టేది. ఒకసారి నేను తెలివి చూపించబోయి, లోపలి గింజే కదా మొలిచేదని, రాయితో కాయలు పగలగొట్టి గింజలు తీసి నాటాను. ఒక్కటీ రాలేదు. "గర్భం కోసి పిల్లను పెంచుతవారా?" అని మొట్టికాయ వేసింది. అదే ఊపులో నా వేలు పట్టుకుని ఆకు కింద పెట్టి, "చెట్టును సూసి పేరు పెట్టకు కొడుకా, తడిమి పెట్టు" అంది.

ఆ రోజుల్లోనే మా దిక్కుకు జామాయిల్ వచ్చింది. చర్చి వెనకున్న బంజరులో సర్కారు వాళ్లు మొక్కలు నాటి, చుట్టూ కందకం తీసి, కాపలా మనిషిని పెట్టారు. ఒక్క కొమ్మ విరిచినా జుర్మానా అని డప్పు వేయించారు. మేక పడితే మేకను తోలుకుపోయేవారు. అవ్వకు ఆ మొక్కలంటే గిట్టేది కాదు. "పిట్ట వాలదు, మేక మూతి పెట్టదు. గిదేం చెట్టురా, మందు వాసనొస్తది గాని మందుకు రాదు" అనేది. కానీ ఊరంతటికీ ఒక సంగతి బాగా ఎక్కింది. జామాయిల్ అంటే సర్కారుది, ముట్టుకుంటే కేసు. వేప, మద్ది, తుమ్మ అంటే దిక్కులేనివి, ఎవరు కొట్టినా అడిగేవాడు లేడు. ఇప్పుడు రాత తిరగబడింది. మద్దిని కొట్టాలంటే కాగితం కావాలి, జామాయిల్‌ను కొడితే అడిగేవాడు లేడు.

పటాన్‌చెరు వైపు ఫ్యాక్టరీలు లేవడం మొదలైంది. వాటికి ఇటుకలు కావాలి, ఇటుక బట్టీలకు కట్టె కావాలి. వాగు ఒడ్డు చెట్లు కొట్టుకునే గుత్త ఎవరికో ఇచ్చారు. ఒక రోజు పొద్దున గుత్తేదారు మనుషులు గొడ్డళ్లతో, వెనక గిర్దావరు కాగితాలతో దిగారు. గిర్దావరంటే చెట్లూ చేలూ లెక్క రాసుకునే రెవెన్యూ ఆయన. బదిలీ మీద కొత్తగా వచ్చాడు. ఊరి జనం ఒడ్డున గుమిగూడారు. నాకు అప్పటికి మీసం రాలేదు, కానీ నిన్న జరిగినట్టుంది. గొడ్డలి పట్టిన మనిషి మొదటి చెట్టు చుట్టూ తిరిగి చూస్తున్నాడు. అవ్వ వెళ్లి చెట్టుకూ అతనికీ మధ్య నిలబడింది.

"అవి జామాయిల్ చెట్లు సారూ" అంది గిర్దావరుతో.

నాకు నవ్వొచ్చిందో భయమేసిందో ఇప్పుడు చెప్పలేను. గిర్దావరు చెట్టు వైపు తలెత్తి చూశాడు. పెరిగిన జామాయిల్ ఎట్లుంటుందో అప్పటికి మా దిక్కున ఎవరూ చూసి ఉండలేదు. చర్చి వెనకవి నడుమెత్తు మొక్కలే.

"గింత పెద్దగెట్ల అయినయి? జామాయిల్ మొన్ననే గదా పెట్టింది?"

"గవి పెట్టేముందు వస్తదో రాదోనని ఈడ రెండు పెట్టి సూసిండ్రు సారూ. శానా ఏండ్లయింది. బెరడు సూడుండ్రి, గట్లనే తెల్లగ లేదా?"

గిర్దావరు సగం నమ్మాడు. జనంలోకి చూసి, "ముసల్దాని మాట మీద రాయలేను. సామేలు ఎవరు? అబద్ధమాడడు అంటరు గదా, ఆయనను చెప్పమను. ఆయన చెప్తే రాస్త" అన్నాడు.

నాయిన ముందుకు వచ్చాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకున్నాడు. అవ్వ ఆయన వైపు చూడలేదు, చెట్టు మాను మీద చెయ్యి వేసి వాగులోకి చూస్తూ నిలబడింది. ఆమె బతిమాలి ఉంటే, ఏడ్చి ఉంటే నాయిన నిజమే చెప్పేవాడని నాకు ఎందుకో అనిపిస్తుంది. చివరికి, "జామాయిలే సారూ" అన్నాడు. మాట లోపలికి పోయింది, గిర్దావరు రెండోసారి అడిగాడు. రెండోసారి కూడా చెప్పాడు. కాగితం మీద 'రెండు జామాయిల్ వృక్షములు' అని రాసి, నాయిన బొటనవేలికి సిరా పూసి, ముద్ర వేయించుకున్నారు. గుత్తేదారు మనుషులు తిట్టుకుంటూ దిగువకు పోయి అక్కడి వేపలు కొట్టుకున్నారు.

ఆ తర్వాత చర్చిలో సంస్కారం, అంటే ప్రభువు బల్ల, ఇచ్చే ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పళ్లెం వరస వెంబడి వస్తుంటే, నాయిన దాన్ని అందుకుని పక్క మనిషికి ఇచ్చేశాడు. తప్పు మోస్తున్న మనిషి దాన్ని తీసుకోకూడదని ఆయన పట్టు. చర్చి అయ్యాక పాస్టరు అయ్యగారు అరుగు మీద ఆపి అడిగారు. "నా వేలికి సిరా ఇంకా పోలేదయ్యగారూ" అన్నాడు నాయిన. అవ్వ మాత్రం మొదటి వరసలో కూర్చుని తీసుకుంది. దారిలో నాయిన ముఖం చూసి ఆమే కదిలించింది. "చెట్లను దేవుడు చేసిండు గాని పేర్లు ఆదాము పెట్టిండట గదా. ఆదాము పెట్టిన పేరు నేను మార్చిన. దేవునికేం తక్కువైంది?" నాయిన నడక వేగం పెంచి ముందుకు పోయాడు. ఆ ఏడాదంతా ఆయన ప్రార్థనలు పొట్టివైపోయాయి. రొట్టెలు మాడడం ఆగిపోయింది. గట్టు తగాదాలకు పిలిస్తే, "నా సాక్ష్యం ఇగ చెల్లదు, ఇంకొకల్లను సూసుకోండ్రి" అనేవాడు. మా సొంత చెల్క చేని గట్టు పక్కవాడు జరిపినప్పుడు కూడా నోరు తెరవలేదు. ఆ నేల పట్టీ ఇప్పటికీ పక్కవాళ్ల కిందనే ఉంది.

ఇక్కడ నేను ఇన్నాళ్లు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఉంది. గుత్తేదారు పని ముగించుకుని పోయాక, నాయిన నన్ను కూర్చోబెట్టుకుని అర్జీ రాయించాడు. ఇంట్లో అక్షరం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. అవి మద్ది చెట్లని, తాను అబద్ధం చెప్పానని, శిక్ష వేస్తే పడతానని, చెట్లను మాత్రం ఉంచమని. మాట మాట చెప్పించి, రెండుసార్లు చదివించుకుని, వేలిముద్ర వేసి, జిన్నారం పోయి పోస్టులో వేయమని నా చేతికిచ్చాడు. నేను జిన్నారం దారి పట్టాను. వాగు దాటేటప్పుడు చెట్లను చూశాను. ఈ కాగితం పోతే గొడ్డళ్లు మళ్లీ వస్తాయి. శిక్ష నాయినకా చెట్లకా అని కూడా ఆలోచించలేదు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి వాగులో వదిలి, చీకటి పడకముందే ఇంటికొచ్చి, వేశానని చెప్పాను. నాయిన ఆ అర్జీకి జవాబు వచ్చాకే సంస్కారం తీసుకుంటానని అయ్యగారికి చెప్పాడట. పోస్టు ఆయన సైకిల్ గంట వినబడితే చాలు, చేస్తున్న పని ఆపేవాడు. "జవాబొచ్చిందా కొడుకా?" అని అడిగేవాడు. రాలేదనేవాణ్ని. అది అబద్ధం కాదు కూడా. అవ్వ పోయిన ఏడు అడగడం మానేశాడు. ఆమె పోయిన తర్వాతి సంస్కారానికి చెయ్యి చాపి రొట్టె అందుకున్నాడు. ఆయనకు తెలిసిపోయిందా, విసిగిపోయాడా అన్నది ఇవాళ్టికీ నాకు తెలియదు.

సంగారెడ్డిలో చెట్ల పర్మిషన్లు చూసే ఆఫీసుకు నాలుగోసారి పోయినప్పుడు పాత ఫైలు బయటికి వచ్చింది. సీటులో ఉన్నది నలభై దాటిన ఒక మేడమ్. మొదటి మూడుసార్లు నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి మరిచిపోయారు గానీ, ఈమె కనీసం నేను తెచ్చిన రెండో చెట్టు ఆకు చేతిలోకి తీసుకుంది. చెప్పినట్టే కాడ దగ్గర వేలు పెట్టి తడిమింది.

"అవునే, తగుల్తున్నయి. రెండు."

"జామాయిల్‌కు ఉండయి మేడమ్. తెప్పించి సూడుండ్రి."

"నమ్మిన పెద్దాయనా. కాని నా వేలును ఫైల్ల పెట్టరాదు గదా." ఆమె పచ్చబడిన కాగితం ఒకటి నా వైపు తిప్పింది. "గీ సామేలు అంటే ఎవరు?"

కింద నాయిన వేలిముద్ర ఉంది. సిరా చుట్లు కొంచెం పక్కకు జరిగి ఉన్నాయి.

"మా నాయిన" అన్నాను.

"మరి మీ నాయినే చెప్పిండు జామాయిల్ అని. కొడుకొచ్చి కాదంటె ఎవరి మాట రాయాలె? మీరొక పని చెయ్యుండ్రి. గీ వాంగ్మూలం తప్పని, ఎందుకు తప్పో, మీకెట్ల ఎరుకో, అంత రాసియ్యుండ్రి. అప్పుడు మావోళ్లు పొయ్యి రెండో చెట్టు సూస్తరు. అది లేకుంటె నంబరు నంబరే."

నాకు ఆ రోజు కాలు నిలవలేదు. బస్టాండుకు పోకుండా పాత జైలు దాకా నడిచాను, మళ్లీ వెనక్కి వచ్చాను, టీ చెప్పి తాగకుండా లేచాను. ఇన్ని నెలలు నేను తిట్టిన తిట్లన్నీ ఎవరికి తగిలాయి? సర్వే మనిషి నిజమే చెప్పాడు, అది అతను పెట్టిన పేరు కాదు. మా ఇంట్లో పెట్టిన పేరు. అప్పుడు చెట్టును బతికించిన పేరే ఇప్పుడు చెట్టును కొట్టించింది. నాయిన ఆ పేరును వెనక్కి తీసుకోవాలని చూస్తే, దాన్ని తీసుకోనివ్వకుండా చేసినవాణ్ని నేను. అదే రోజు తిరుగు బస్సులో పటాన్‌చెరులో దిగి మా చెల్లె ఎస్తేరు ఇంటికి పోయాను. చెల్లె టీచరు పని చేసి రిటైరైంది. నాయినంటే ప్రాణం. సంగతి విని టీవీ ఆపేసింది.

"అన్నా, నాయిన సమాధి రాయి మీద సంఘపోళ్లు ఏం చెక్కిచ్చిండ్రో నీకు యాదున్నదా?"

"మాట తప్పనివాడు."

"నువ్వేమో తప్పిండని రాసిస్తనంటున్నవు."

"తప్పిండు గదా చెల్లే. నేను పక్కనే ఉన్న."

"తప్పిండు. తప్పి ఎంత గోసపడ్డడో నువ్వు సూసినవు, నేను సూసిన. మనం సూసింది సాలదా, ఆఫీసోళ్లకు గూడ సూపియ్యాల్నా?"

"రాయకుంటె చెట్టు పోతది ఎస్తేరూ."

"పోతె ఇంకోటి పెట్టు. మొలకలు పోస్తున్న అంటివి గదా. నాయినను ఏ కుండల పెట్టి మొలిపిస్తవు?"

మొలకల మాట నిజమే. కొట్టేసిన చెట్టు కింద ఏరిన కాయలను అవ్వ చెప్పినట్టే నానబెట్టి, ఖాళీ పెయింటు డబ్బాల్లో పడుకోబెట్టాను. సగం వచ్చాయి. ఎందుకోగానీ ఆ పూట వాటి గురించి చెప్పాలనిపించలేదు. వాగులో వదిలిన అర్జీ గురించి చెప్పాను. మొదటి నుంచి చివరిదాకా, పోస్టు ఆయన సైకిల్ గంటతో సహా చెప్పాను. ఎస్తేరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. తిడుతుందనుకున్నాను. లోపలికి పోయి, చాలాసేపటికి, తన పాత స్కూలు పెన్ను, గీతల కాగితాలు తెచ్చి నా ముందు పెట్టింది.

"అయితె రాయి" అంది. "ఈసారన్న పోస్టు చెయ్యి."

ఆమె బల్ల మీదనే కూర్చుని రాశాను. నాయిన చెప్పించిన మాటలు నాకు గుర్తున్నాయి, అవే రాశాను. చివర నా మాటలు రెండు కలిపాను. ఆయన ఈ తప్పును అప్పుడే ఒప్పుకున్నాడని, ఆ కాగితం మీకు చేరకపోవడానికి కారణం నేనని, శిక్ష ఉంటే నా పేరున వేయమని. మర్నాడు రిజిస్టరు పోస్టు చేసి, రసీదును చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. చొక్కా ఉతకడానికి వేసినప్పుడల్లా తీసి పెట్టుకునేవాణ్ని. రోజూ వాగు దాకా పోయి నంబరు వేసిన చెట్టు నిలబడే ఉందా అని చూసి వచ్చేవాణ్ని. వాగు ఇప్పుడు చెలిమ తీసి తాగే వాగు కాదు. ఒక రోజు ఒక రంగు, ఒక రోజు ఒక వాసన. ఆ ఒడ్డున, ఆ నీళ్లు పీలుస్తూ అది ఎట్లా చిగురేస్తుందో నాకు అర్థం కాదు. రోడ్డు పని చెట్టుకు ఇరవై అడుగుల దాకా వచ్చి, కంకర లేక ఆగింది. మళ్లీ మొదలైతే ఒక్క పూట పని. మా చిన్నతనంలో ఒక అబద్ధానికి ఒక మనిషి ఏడాదికి పైగా పళ్లెం ముట్టుకోలేదు. ఇప్పుడు తప్పు ఎవరిదని అడిగితే ఫైలుదంటారు, ఫైలును అడిగితే మా నాయినను చూపిస్తుంది. చెట్టు పోయినందుకు నిద్ర చెడిన మనిషి ఆ ఆఫీసులో ఒక్కడైనా ఉంటే, నా కోపం సగం తగ్గేది.

జవాబు నిన్న వచ్చింది. పోస్టామె గేటు బయటే సంతకం పెట్టించుకుంది. అద్దాలు దొరక్క, వాకిట్లో కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాను. తర్వాత ఎస్తేరుకు ఫోన్ చేసి చదివి వినిపించాను, రెండోసారి కూడా చదవమంది. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"తమరి అర్జీ మేరకు మా సిబ్బంది స్థలమునకు వెళ్లి, వాగు ఒడ్డున నిలిచియున్న చెట్టు ఆకు, కాయ, బెరడు పరిశీలించగా, అది తెల్లమద్ది అని తేలినది. కావున సదరు చెట్టును తొలగించవలసిన చెట్ల జాబితా నుండి తీసివేయడమైనది. ఇదివరకే తొలగించిన చెట్టు స్థలములో లేనందున దాని జాతిని నిర్ధారించుటకు వీలుపడలేదు; అది రికార్డులో జామాయిల్‌గానే కొనసాగును. ఇక తమరి తండ్రి గారి వాంగ్మూలము విషయమై: అందులో పేర్కొన్న రెండు చెట్లలో, ఇప్పుడు నిలిచియున్న చెట్టు ఒకటి అనుటకు ఆధారములు లేవు. కావున వారు అబద్ధము చెప్పినట్లు ఈ కార్యాలయము భావించుట లేదు. తమరి తండ్రి గారు చెప్పినది నిజమనియే పరిగణించడమైనది."